పదిహేనో ఉత్తరం

టక్. టక్. టక్.

పొద్దున ఏడింటి నుంచి ముందుగదిలో అదే చప్పుడు. దబ్బనం మీద సుత్తి పడుతోంది. నలభై ఏళ్లుగా పుస్తకాలు బైండు చేస్తున్న మనిషి ఇంట్లో ఆ చప్పుడు వింతేమీ కాదు. కానీ ఆదివారం పూట షాపు పని ఇంటికి తెచ్చుకునే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

"ఏం కుడుతున్నారో చూశావా?" అంది అమ్మ, వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి.

దొరసాని తల అడ్డంగా ఊపింది. చూడక్కర్లేదు. నిన్న సాయంత్రమే ఆమె మంచం కింది రేకుడబ్బా మాయమైంది.

"నీ ఉత్తరాలేనే. బ్యాంకువి. తారీఖుల వరసన పేర్చి, పుస్తకం ఫారాలు కుట్టినట్టు ఒక్కొక్కటీ కుడుతున్నారు. కసిరినా బాగుండు, నాలుగు తిట్టినా బాగుండు. ఇదేం మనిషమ్మా!"

గురువారం నుంచి నాన్న కూతురితో మాట్లాడలేదు. గురువారం సాయంత్రం పిన్ని తన పేరున వచ్చిన ఉత్తరం సంగతి మోసుకొచ్చి, పద్నాలుగు నెలలుగా చదువు అప్పు కట్టడం లేదట అని చెప్పిన క్షణం నుంచి ఆయన నోటికి తాళం పడింది. అంతకుముందు ఆ ఇంట్లో అందరి లెక్కా ఒకటే. అప్పు ఇంకో ఏడాదిలో తీరిపోతుంది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు దుప్పట్లు ఉతికి, ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. దొరసాని ఇంగ్లీషు ఎమ్మేకి బ్యాంకు అప్పిచ్చినప్పుడు హామీ సంతకం పెట్టింది ఆవిడే. నెల తిరిగేసరికి జీతం వచ్చే మనిషి ఆ ఇంటి మొత్తానికి ఆవిడొక్కతే మరి. ఏడో తరగతిలో ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్పినందుకు మురిసిపోయి, దొరసాని అని పేరు పెట్టిందీ ఆవిడే. అసలు పేరు బ్యాంకు కాగితాల మీద తప్ప ఇప్పుడెవరికీ గుర్తులేదు.

చప్పుడు ఆగింది.

"రా" అన్న మాట వినపడింది ముందుగదిలోంచి. మూడు రోజుల తరవాత మొదటి మాట.

అమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసి తోసింది. ఆ చేతిలో కోపమూ ఉంది, భయమూ ఉంది.

బల్ల మీద ఉత్తరాల కట్ట చక్కగా పుస్తకమై కూర్చుంది. అట్ట ఇంకా వెయ్యలేదు. మైనం రాసిన దారం తెంపకుండా, కొసన సూదితో సహా, బల్ల అంచు మీంచి వేలాడుతోంది. పక్కనే అద్దం బిగించిన ఫ్రేమొకటి బోర్లించి ఉంది. దాన్ని దొరసాని చూడగానే గుర్తుపట్టింది.

"పదమూడు ఇందులో" అన్నాడు నాన్న పుస్తకం మీద వేలు పెట్టి. ఆ వేలు ఫ్రేము మీదికి జరిగింది. "పద్నాలుగోది ఇది."

ఆ ఫ్రేము కథ కొంచెం చెప్పుకోవాలి. దొరసాని చిన్నప్పుడెప్పుడో నాన్న అర్థం కాని ఇంగ్లీషు అద్దె కాగితం మీద సంతకం పెట్టి, షాపులో ముందు సగం పోగొట్టుకున్నాడు. ఇంగ్లీషు పుస్తకాలు వేలకు వేలు కుట్టినవాడు, పేజీల అంకెలు చూసి కుట్టినవాడు, ఒక్క వాక్యం చదవలేక సగం షాపు పోగొట్టుకున్నాడు. అప్పుడే పట్టు పట్టాడు, నా కూతురు ఇంగ్లీషే చదవాలని. పద్నాలుగో ఏటి నుంచి ఆ ఇంటికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు ఆమె చేతికే వెళ్లేది. నాన్న చేతులకంటిన బంక తుడుచుకుని, ఎదురుగా కుర్చీలో కూర్చుని, గురువు ముందు శిష్యుడిలా వినేవాడు. ఆరు నెలల కిందట ఒక ఉత్తరం ఆమె అలాగే చదివింది. సకాలంలో వాయిదాలు కడుతున్నందుకు బ్యాంకు మేనేజరు అభినందనలు తెలిపాడని చదివింది. నాన్న దాన్ని ఫ్రేము కట్టించి, షాపులో పుస్తకాలు అదిమే ప్రెస్సు పైన, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా మేకు కొట్టి తగిలించాడు. కూతురు వద్దు వద్దని మొత్తుకుంది. సిగ్గుపడుతోంది అనుకున్నాడు పిచ్చి తండ్రి.

"మొదటిది చదువు. ఉన్నదున్నట్టు."

"నాన్నా, అన్నీ ఒకటే. కట్టమనే..."

"చదవమన్నాను."

చదివింది. ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని అర్థం ఒక వాక్యం. రెండు వాయిదాలు బాకీ పడ్డారు, వెంటనే కట్టవలసింది.

"ఆ రోజు ఏం చదివావో గుర్తుందా?"

"లేదు."

"నాకుంది. వాన పడుతోంది. ఆరబెట్టిన అట్టలు మీ అమ్మ లోపలికి చేరేస్తోంది. వడ్డీ తగ్గించారు నాన్నా అన్నావు. ఆ సంతోషానికి రెండోసారి టీ పెట్టించుకుని తాగాను."

దొరసాని పేజీ తిప్పింది. తండ్రి కుట్టు ఎప్పుడూ అంతే, పేజీ ఎక్కడా బిగుసుకోదు, పూర్తిగా తెరుచుకుంటుంది. ఇలాంటి ఉత్తరాలకు కూడా అంత మంచి కుట్టు వేశాడే అనుకుంది.

మూడోది. ఐదోది. ఎనిమిదోది. ఒక్కో ఉత్తరం చదివాక ఆనాటి అబద్ధాన్ని ఆయన పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు. ఇంగ్లీషు రాని మనిషికి జ్ఞాపకమే కదా నోటుపుస్తకం. చెప్పులు కొనుక్కోమని డబ్బులిచ్చిన రోజు. పక్కింటివాళ్లని పిలిచి వినిపించిన రోజు. పన్నెండోది చదవడం అయ్యాక ఆయనే ఆపమన్నాడు. ఫ్రేము తిప్పి ముందు పెట్టాడు.

"ఇది?"

"వద్దు నాన్నా."

"ఆరు నెలలు నా నెత్తి మీద వేలాడింది. ఏముందో తెలుసుకోవద్దా?"

ఆమె చదవలేదు, చెప్పింది. "ఆఖరి హెచ్చరిక. బాకీదారుల జాబితాలో పేరెక్కించామని."

నాన్న ఫ్రేము అద్దం మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"వకీలు గుమస్తా వచ్చినప్పుడల్లా దీన్ని చూసి నవ్వేవాడు. అసూయ అనుకున్నాను. నెలకి వందమంది వస్తారు షాపుకి. సగం మందికి ఇంగ్లీషొచ్చు. ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదే! దండ వెయ్యాల్సిన పని చేసింది మా అమ్మాయి అని నేనే వాడికి టీ తెప్పించి చెప్పాను. అదీ నా తెలివి."

"మరి ఆ డబ్బంతా ఏ కొంపలో తగలేశావే?" అమ్మ ఇక పట్టలేక లోపలికి వచ్చేసింది. "నెలనెలా సంపాదిస్తున్నావుగా! పొద్దస్తమానం ఆ కంప్యూటరు ముందేగా కూర్చుంటావు! చదవేస్తే ఉన్న మతి పోయిందని, ఊరికే అన్నారా?"

"ఈ కొంపలోనే అమ్మా."

దొరసాని తల్లి వైపు తిరిగింది.

"ఈ పనిలో చేరిన కొత్తలో కెటిల్ గురించి రాస్తే ఒక రేటు, కర్టెన్ గురించి రాస్తే ఒక రేటు ఉండేది. రోజుకి ముప్పై వస్తువుల మీద రాసేదాన్ని. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు చదివే నాలుగు ముక్కలు. అప్పుడు బ్యాంకుకీ కట్టాను, ఇంట్లోనూ ఇచ్చాను. తరవాత ఆ ముక్కలు కంప్యూటరే రాయడం మొదలుపెట్టింది. అది రాసినదాన్ని దిద్దడం నా పని. నాలుగో వంతు కూలి. రోజుకి వంద దిద్దినా పాత డబ్బులో సగం రాదు. ఇంట్లో ఇచ్చేది తగ్గిస్తే అడుగుతారు కదా ఎందుకని. అద్దె ఆగదు, నీ మోకాలి మందులాగవు. ఆగగలిగింది బ్యాంకొక్కటే. ఆపాను. ఆ డబ్బు మనమే తిన్నామమ్మా."

అమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగింది. కాసేపటికి వంటింట్లో కుళాయి విప్పిన శబ్దం వచ్చింది. కింద గిన్నె పెట్టిన శబ్దం రాలేదు.

"ఆ మాటే చెప్పొచ్చుగా" అన్నాడు నాన్న. మొదటిసారి ఆ గొంతులో కోపం కాక ఇంకేదో ఉంది.

"చెబుదామనే మొదటి ఉత్తరం తెరిచాను. నువ్వు చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నావు. నీ మొహం చూశాక నోరు రాలేదు. ఒకసారి అన్నాక రెండోది తప్పలేదు."

"నా మొహం చూసి." నాన్న తనలో తనే అనుకున్నాడు. "మొహం సంగతి సరే. ఇక మీదట నువ్వు చదివింది నేను ఎలా నమ్మాలి? అది చెప్పు."

అప్పు ఎలా తీరుతుందో తెలియకపోయినా ఈ మూడు రోజులూ ఆమె ఏడ్చింది అప్పు గురించి కాదు. ఆ కుర్చీ గురించి. చేతులు తుడుచుకుని ఆయన మళ్లీ అందులో కూర్చోడేమో అని.

"ఒకటి మాత్రం చెప్తున్నా, విను" అన్నాడాయన. "మీ పిన్ని రిటైర్మెంటు డబ్బు జోలికి బ్యాంకు వస్తే, ఆ క్షణమే షాపులో కట్టింగు మెషిను అమ్మేస్తాను. ముప్పై ఏళ్లు రోగుల దుప్పట్లు ఉతికిన చేతులవి. ఆ డబ్బుతోనే కదా ఆవిడ ఆసుపత్రి క్వార్టరు ఖాళీ చేసి ఒక గది చూసుకోవాలి."

"మెషిను అమ్ముకుని అట్టముక్కలు తింటారా?" అమ్మ గొంతు వంటింట్లోంచి వచ్చింది.

"అంతదాకా రాలేదులే. మందులాయన రాసిచ్చాడుగా." నాన్న చొక్కా జేబు తడుముకున్నాడు. నాలుగు మడతల చీటీ ఒకటి అందులో ఉంది. ఆసుపత్రిలో మందుల కౌంటరాయన పిన్నికి వచ్చిన ఉత్తరం చదివి, అర్థం మన భాషలో రాసిచ్చిన చీటీ. మూడు రోజులుగా అది ఆయన గుండెల మీదే ఉంది. "హామీ మనిషికేం భయం లేదని రాశాడు. ఆ ఒక్క మాట వల్లే నాకు నిద్ర పడుతోంది."

పదకొండింటికి పిన్ని వచ్చింది. ఆవిడ వస్తే సబ్బు వాసన ముందొస్తుంది, మాట తరవాతొస్తుంది. ఇవాళ మాట కూడా తొందరగానే వచ్చింది.

"ఏంటే దొరసానీ, మొహం పిండేసిన దుప్పటిలా పెట్టావు? అన్నం తిన్నావా? అక్కా, పిల్లకి తిండి పెట్టడం మానేశావా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. పిన్ని కూడా ఎక్కువసేపు నవ్వలేదు.

"తెచ్చావా?" అన్నాడు నాన్న.

"ఎందుకు బావా ఆ కాగితం? పారేద్దామనుకున్నా."

"అన్నీ ఒక చోట ఉండాలి. తారీఖు ప్రకారం అదే ఆఖరుది. దాని కోసమే దారం తెంపలేదు."

పిన్ని సంచీలో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికింది. ఉన్నవి ఒక డబ్బా, ఒక తువ్వాలు. అంతసేపు వెతకాల్సిన సంచీ కాదది. చివరికి కవరు తీసి బావ చేతికిచ్చింది. ఆయన అది విప్పి, సరిచేసి, కూతురి ముందు పెట్టాడు.

"చదువు."

"దాన్నెందుకండీ ఇబ్బంది పెట్టడం!" పిన్ని ఒక్క అడుగు ముందుకు వేసింది. "మందులాయన రాసిచ్చింది ఉందిగా మీ దగ్గర. చదువుకున్నాయనేగా. మళ్లీ చదివించడం ఎందుకు?"

"చదవనీ. ఈ ఒక్కటైనా నిజం చదువుతుందేమో చూద్దాం" అని నాన్న లేచి, పాత గుడ్డతో చేతులు తుడుచుకుని, వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

దొరసానికి కళ్లు మసకబారాయి. మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నాడు. పరీక్ష అయినా సరే, కూర్చున్నాడు. ఈసారి అక్షరం కూడా తప్పకూడదనుకుంది.

మొదటి పేరా మామూలే. అప్పు వివరం, బాకీ వివరం. చదివి అర్థం చెప్పింది. నాన్న చీటీ విప్పి మోకాలి మీద పెట్టుకుని, వేలితో వరసవెంట వస్తున్నాడు. తల ఊపాడు. సరిపోయింది.

రెండో పేరా దగ్గర ఆమె ఆగింది.

ఒకసారి కళ్లతో చదువుకుంది. మళ్లీ చదువుకుంది. తలెత్తింది. నాన్న కుర్చీ వెనక నిలబడ్డ పిన్ని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల ఎడమకీ కుడికీ ఊపుతోంది. వద్దు. చదవద్దు.

ఒక్క క్షణంలో దొరసానికి అంతా అర్థమైంది. మందులాయన ఉత్తరం చదివి చెప్పాక, చీటీలో ఏం రాయాలో పిన్నే చెప్పి రాయించుకుంది. బావ మెషిను జోలికి పోకుండా తన డబ్బు నిశ్శబ్దంగా పోనిచ్చేద్దామని చూస్తోంది.

"ఏం, ఆగావు?" అన్నాడు నాన్న.

దాటేయడం ఆమెకు తెలియని విద్య కాదు. కాగితం మీద ఒకటుంటే కళ్లు దాని మీదే నిలిపి, నోటితో ఇంకోటి చక్కగా అల్లేయగలదు. పద్నాలుగు సార్లు చేసిన పని. పదిహేనోసారి చేస్తే పిన్నికి మాట దక్కుతుంది, నాన్నకి మెషిను దక్కుతుంది. పిన్నికి గది మాత్రం దక్కదు. ఆ ఆలోచన దగ్గర ఆమె నోరు దానంతటదే నిజం చదివింది.

"వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా అప్పు తీసుకున్నవారు, హామీ ఉన్నవారు ఇద్దరూ బ్యాంకుకి వచ్చి, బాకీలో మూడో వంతు ముందుగా కట్టి, మిగతాది కొత్త వాయిదాల కింద రాయించుకోవాలి. రాకపోతే హామీదారు రిటైర్మెంటు సొమ్ములోంచి మొత్తం బాకీ పట్టుకుని తమకు పంపమని ఆసుపత్రికి రాస్తారు." కాగితం దించింది. "శుక్రవారం నాన్నా. ఇంకా అయిదు రోజులుంది. వెళ్తే ఆపొచ్చు."

నాన్న వేలు చీటీ మీద వెతుకుతోంది. కిందికి వెళ్లింది, పైకి వచ్చింది.

"ఇందులో లేదు."

"ఉత్తరంలో ఉంది."

"ఇందులో, ఇది హామీదారుకు తెలియజేయడానికి మాత్రమే, వారిని ఏమీ అడగరు, ఆరు నెలలు గడువుంది అని రాశాడు. నువ్వు శుక్రవారం అంటున్నావు."

"చీటీ తప్పు నాన్నా. పిన్నీ, నువ్వు చెప్పు!"

పిన్ని ఆమె వైపు చూడలేదు. "నాకేం ఇంగ్లీషొచ్చే తల్లీ? అంత చదువుకున్నాయన తప్పు రాస్తాడా? కంగారులో నువ్వే ఏదో..." అని ఆగి, బావ భుజం వైపు చూస్తూ అంది. "పిల్లని వదిలెయ్యండి బావా. మనసు బాగోలేదు దానికి."

ఇంత ప్రేమగా ఎవరూ ఎవరినీ అబద్ధాలకోరుని చేసి ఉండరు.

"ఫోనులో పెడతాను నాన్నా. ఫొటో తీస్తే అదే మన భాషలోకి మార్చి చూపిస్తుంది."

"ఫోనూ నీదేగా."

"పోనీ వకీలు గుమస్తాకి చూపించు."

నాన్న ఫ్రేము తీసి, మళ్లీ బోర్లించి పెట్టాడు. ఆ నవ్వు మొహానికి ఇంకో కాగితం చూపించే శక్తి ఆయనకు లేదు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు.

"ఇందాకే అన్నాను" అన్నాడాయన నెమ్మదిగా. "మీ పిన్ని డబ్బు జోలికి వస్తే మెషిను అమ్ముతానని. గంట కాలేదు. గంటలోనే ఆవిడ డబ్బు జోలికి వచ్చేసింది నీ ఉత్తరం. మూడో వంతంటే సరిగ్గా మెషిను ధర. నీ అప్పు తీరడానికి నన్ను భయపెట్టి మెషిను అమ్మిద్దామనుకున్నావా?"

"నాన్నా!"

ఆ అరుపుకి వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ముగ్గురి మొహాలూ చూసింది. ఎవరి పక్కన నిలబడాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఒకే ఒక్క మాట" అన్నాడు నాన్న. "ఆ కాగితంలో మీ పిన్ని డబ్బు సంగతి ఉందా, లేదా?"

పిన్ని కళ్లు బతిమాలుతున్నాయి. దొరసాని ఆ కళ్లలోకి చూస్తూనే చెప్పింది.

"ఉంది నాన్నా."

నాన్న నిట్టూర్చాడు. చీటీని వెనకటి మడతల మీదే మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఉత్తరాన్ని కూతురి చేతిలోంచి తీసుకుని, మిగతా పదమూడింటి మీద బోర్లించి, అంచులు కలిపి, దబ్బనం ఆనించి సుత్తి ఎత్తాడు.

టక్. టక్. టక్.

సూది అందుకుని, కింద వేలాడుతున్న దారం వైపు చూపు కూడా తిప్పకుండా అన్నాడు.

"దారం పట్టుకో."

అది దొరసాని పని. అయిదేళ్ల వయసు నుంచి ఆయన కుడుతుంటే కొస లాగి పట్టుకునేది ఆమే. కన్నీళ్లు తుడుచుకోకుండానే చెయ్యి చాపింది.

"నువ్వు కాదు."

పిన్ని కింద కూర్చుంది. సబ్బుకి పగిలిన వేళ్లతో దారం కొస పట్టుకుంది. బావ కుడుతూ పోయాడు, శుక్రవారం అని రాసి ఉన్న చోటి పక్కనే ఆఖరి ముడి పడింది. ముడి బిగిసేదాకా పిన్ని తల ఎత్తలేదు.